కిస్తులు తీరని ఫోన్ పగిలితే వినకూడని సలహాలు

హన్మకొండ బస్టాండ్‌లో బస్సు దిగుతుంటే మా మేనకోడలి చేతిలోంచి ఫోన్ జారి ప్లాట్‌ఫాం అంచుకు తగిలింది. పైన ఓ మూల సాలెగూడు లాంటి పగులు. స్క్రీన్ కింది సగం నల్లబడిపోయింది. పైనుంచి కిందికి ఒక పచ్చ గీత. ఫోన్ మోగుతోంది, ఎత్తబోతే వేలికి పలకడం లేదు. కొని అయిదు నెలలే అయింది. 17,988 రూపాయల ఫోన్‌ని నెలకు 1,499 చొప్పున పన్నెండు కిస్తుల్లో తీసుకున్నాం. అయిదు కట్టాం, ఏడు మిగిలాయి.

ఇంటికి చేరేసరికి సలహాలు మొదలయ్యాయి. పక్కింటాయన ఒకటి చెప్పాడు, మా బావ ఒకటి చెప్పాడు, పిల్ల స్నేహితురాళ్లు నాలుగు చెప్పారు, చౌరస్తాలో షాపు కుర్రాడు ఇంకొకటి చెప్పాడు. ఎవరూ చెడు కోరి చెప్పలేదు. కానీ వాటిలో ఒకటి విని నా చేతులతో నేనే నష్టం చేశాను. అప్పటి నుంచి వరంగల్‌లో తెలిసినవాళ్లు ఎవరి ఫోన్ పగిలినా అవే మాటలు వినిపిస్తున్నాయి. అందుకే ఏవి వినకూడదో, ఎందుకు వినకూడదో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి. కొన్ని దేశాల్లో సిమ్ కంపెనీయే ఫోన్ ఇచ్చి, రెండేళ్లు తన దగ్గరే ఉండాలని ఒప్పందం రాయించుకుంటుంది. మన దగ్గర ఆ పద్ధతి పెద్దగా పాతుకోలేదు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కట్టించుకుని చేతిలో ఫోన్ పెట్టినప్పుడు దాని రుచి చూశాం. 2021 దీపావళికి 6,499 రూపాయల జియోఫోన్ నెక్స్ట్‌ను కిస్తుల మీద ఇచ్చినప్పుడు మళ్లీ కొంత చూశాం. ఇప్పుడు మనకు ఒప్పందం అంటే షాపులో ఓ మూల ఫైనాన్స్ వాళ్ల టేబుల్, ఆధార్ కార్డు, ఓటీపీ, పది నిమిషాల పని. ఫోన్ తయారుచేసిన కంపెనీ ఒకటి, అమ్మిన షాపు ఇంకొకటి, అప్పిచ్చింది మూడోవాళ్లు. ముగ్గురూ వేర్వేరు. తప్పుడు సలహాల్లో సగం ఈ ముగ్గురినీ ఒక్కరే అనుకోవడం వల్ల పుట్టినవే.

“ఫోనే పోయింది, ఇంక కిస్తులెందుకు కడతవ్?”

మా పక్కింటాయన మాట ఇది. వినడానికి న్యాయంగా ఉంటుంది. పాలు ఇవ్వని బర్రెకు దాణా ఎందుకన్నట్టు. కానీ మీరు ఫైనాన్స్ వాళ్లకు కట్టేది ఫోన్ అద్దె కాదు. వాళ్లు మీ తరఫున షాపుకు డబ్బు కట్టేసిన రోజే వాళ్ల పని అయిపోయింది. ఆ ఫోన్ పనిచేసినా, పగిలినా, పోయినా అప్పు అప్పుగానే ఉంటుంది.

కట్టడం ఆపితే ఏమవుతుందో చెప్తాను. ఖాతాలో డబ్బు లేక కిస్తు వెనక్కి పోతే మీ బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, ఫైనాన్స్ వాళ్లు ఇంకో చార్జీ వేస్తారు. ఆ సంగతి సిబిల్ వంటి సంస్థల రికార్డుకు ఎక్కుతుంది. రేపు ఇంటి లోనుకో, పిల్లల చదువు లోనుకో వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజర్ ముందు తెరిచేది ఆ రికార్డే. పదిహేను వందల కిస్తు కోసం అక్కడ మచ్చ పడనివ్వకండి.

నిజంగా కట్టలేని పరిస్థితి ఉంటే దాక్కోవద్దు. తారీఖు రాకముందే ఫైనాన్స్ వాళ్లకు రాతపూర్వకంగా, మెయిల్‌లోనైనా సరే, చెప్పండి. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులోనే ఉత్తర్వు ఇచ్చింది. వసూలు ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు గానీ, సాయంత్రం ఏడు దాటాక గానీ ఫోన్ చేసి సతాయించకూడదు. చేస్తే ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఏం చేయాలో చెప్పే నంబరు 14448.

దీనికి చెల్లెలు లాంటి సలహా ఒకటుంది: “ఏడు కిస్తులు మిగిలినయి కదా, అందుకోసమన్నా రిపేర్ చేయించాలె.” మా బావ ఇదే అన్నాడు. ఇదీ తప్పే. ఏడు కిస్తులు అంటే 10,493 రూపాయలు. ఫోన్ బాగుచేయించినా కట్టాలి, మూలన పడేసినా కట్టాలి, కొత్తది కొన్నా కట్టాలి. మూడు దారుల్లోనూ ఒకేలా పోయే డబ్బు ఏ దారిలో వెళ్లాలో చెప్పలేదు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. అప్పు ఒక పుస్తకం, ఫోన్ ఇంకో పుస్తకం. ఈ రెండూ విడదీస్తేనే తర్వాతి లెక్క సరిగా వస్తుంది.

“ముందు విప్పి చూద్దాం అన్నా, చూస్తే పోయేదేముంది?”

పోయేది చాలా ఉంది. నేను మోసపోయింది ఇక్కడే.

మరునాడు పొద్దున్నే చౌరస్తా దగ్గర ఒక చిన్న షాపుకు తీసుకెళ్లాను. కుర్రాడు చూడటానికి నిమ్మళంగా ఉన్నాడు. హీట్ గన్ పెట్టి, పలచటి ప్లాస్టిక్ ముక్కతో వెనక మూత లేపాడు, స్క్రూలు తీశాడు, లోపల డిస్‌ప్లే కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టాడు. “ఫోల్డర్ పోయింది అన్నా” అన్నాడు. డిస్‌ప్లే, టచ్, అద్దం కలిపి ఉండే ముక్కను మన షాపుల్లో ఫోల్డర్ అనే అంటారు. కాపీ వేస్తే 3,200, ఒరిజినల్ అయితే దొరకాలె అన్నాడు. ఆలోచించి చెప్తానని మళ్లీ బిగించి తెచ్చుకున్నాను.

మూడో రోజు రాత్రి కిస్తు లెక్క చూద్దామని పాత బిల్లు తీస్తే, అడుగున ఇంకో వరస కనిపించింది. ప్రొటెక్షన్ ప్లాన్, 999 రూపాయలు. కొన్నరోజు ఫైనాన్స్ టేబుల్ దగ్గర ఏవో నాలుగు సంతకాలు పెట్టించుకున్నారు, అందులో అదొకటి. కింద పడి పగిలినా, తడిసినా ఏడాదిలో ఒకసారి బాగుచేసి ఇస్తామన్న పథకం. షరతులు చదివితే రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. పగిలిన 48 గంటల్లో చెప్పాలి. వాళ్లకు చూపించకముందు బయట ఎక్కడా విప్పకూడదు. అప్పటికే మొదటి గడువు దాటిపోయింది, రెండో షరతును ఫోన్ విప్పించి నేనే దగ్గరుండి తప్పాను. ఫోన్ చేసి బతిమాలినా ఒప్పుకోలేదు. వాళ్ల కాగితం ప్రకారం వాళ్లది తప్పు కాదు.

కాబట్టి ఫోన్ పగిలిన గంటలోనే బిల్లు చూడండి. కిస్తుల మీద కొన్న ఫోన్‌కు ఇలాంటి ప్లాన్ తగిలించడం చాలా మామూలు, కొన్నవాళ్లకు గుర్తుండకపోవడం ఇంకా మామూలు. బిల్లు దొరక్కపోతే అప్పు పత్రంలో, ఫైనాన్స్ యాప్‌లో, ఫోన్ కొన్నరోజు వచ్చిన ఎస్ఎంఎస్‌లలో వెతకండి. క్రెడిట్ కార్డుతో కొని ఉంటే ఆ కార్డుకు ఏదైనా బీమా ఉందేమో కూడా చూడండి. కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ వేరు. అది తయారీ లోపానికే గానీ, కింద పడ్డదానికీ నీళ్లలో పడ్డదానికీ వర్తించదు. అయితే కింద పడకుండా, తడవకుండా దానంతటదే గీత వస్తే మాత్రం అది వారంటీ విషయం. కొన్ని అమోలెడ్ మోడళ్లలో అలాంటి గీతలొస్తే కంపెనీలు స్క్రీన్ ఉచితంగా మార్చిచ్చిన సందర్భాలున్నాయి. బయట విప్పించకుండా సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అడగండి.

“బియ్యం డబ్బాలో పెట్టు, తెల్లారేసరికి సాఫ్ అయితది”

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానల్లోనే హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఆ వారమంతా ఎంతమంది ఇళ్లలో బియ్యం డబ్బాల్లో ఫోన్లు ఉన్నాయో చూసినవాణ్ణి.

బియ్యం ఫోన్ లోపలి తడిని లాగదు. లోపలికి పోయిన నీళ్లు బోర్డు మీద చిప్‌ల కింద, సన్నటి సందుల్లో నిలుస్తాయి. వరద నీళ్లలో మట్టి, ఉప్పు, మురుగు అన్నీ ఉంటాయి. బ్యాటరీ కరెంటు పారుతుండగా ఆ తడి తగిలితే రాగి తినేసుకుపోతుంది, గంటల్లోనే పచ్చటి చిలుము పడుతుంది. బియ్యంలో పెట్టి మీరు వేచిచూసే రాత్రే ఆ పని జరిగేది. పైగా బియ్యపు పొడి చార్జింగ్ రంధ్రంలోకి పోతుంది. ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని యాపిల్ కంపెనీయే తన సూచనల్లో రాసింది.

తడిసిన ఫోన్‌ను వెంటనే ఆఫ్ చేయండి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి, చార్జర్ అసలు పెట్టకండి. సిమ్ ట్రే బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ప్లాన్ లేకపోతే అదే రోజు బోర్డు తెలిసిన టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగితే చాలా ఫోన్లు బతుకుతాయి. నీళ్లలో పడినా ఏం కాదని రాసి ఉన్న ఐపీ68 ఫోన్ అయినా ఇదే వర్తిస్తుంది. ఆ పరీక్ష మంచినీళ్లలో, కొత్త ఫోన్‌కు చేసింది. ఒకసారి కింద పడి అంచు వదులైన ఫోన్‌కు ఆ హామీ లేనట్టే.

“బోర్డు పోయింది, ఇంక దీని మీద పైసలు పెట్టకు”

ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో మా దగ్గరి చుట్టం ఒకాయన గుమస్తా. పత్తి బస్తాలు, మిర్చి టిక్కీల మధ్య రోజంతా తిరుగుతాడు. రైతులకు డబ్బు పంపడం, తూకం పట్టీల ఫొటోలు, అన్నీ ఫోన్‌లోనే. మొన్న సీజన్‌లో ఆయన ఫోన్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. ఒక షాపులో చార్జింగ్ ఐసీ పోయింది, 2,800 అవుతుంది, గ్యారంటీ లేదన్నారు. ఇంకా తొమ్మిది కిస్తులున్న ఫోన్. ఆయన కొత్త ఫోన్ బేరం కూడా చేసుకొచ్చాడు.

నేను కేబుల్ పెట్టి చూశాను. పిన్ పూర్తిగా లోపలికి పోకుండా వెంట్రుక మందం బయటే ఆగుతోంది. ఫోన్ ఆఫ్ చేసి, టార్చి వేసి చూస్తే రంధ్రం అడుగున ఏదో బూడిద రంగుగా కనిపించింది. చెక్క టూత్‌పిక్ కొన సన్నగా చెక్కి, పక్కలనుంచి నెమ్మదిగా గీరితే గట్టిగా అదిమిన పత్తి ముద్ద ఒకటి ఊడి వచ్చింది, మినపగింజంత ఉంది. దానికి ఎర్రటి మిర్చి దుమ్ము అంటుకుని ఉంది. నెలల తరబడి జేబులోంచి పోయిన నూగును చార్జర్ పిన్నే రోజూ లోపలికి దట్టించింది. తర్వాత కేబుల్ టక్కుమని కూర్చుంది, చార్జింగ్ ఎక్కింది. ఆ ఫోన్ ఈ రోజుకీ నడుస్తోంది. సూదితోనో పిన్నీసుతోనో మాత్రం గీరకండి, లోపలి కాంటాక్టులు వంగిపోతాయి.

బోర్డు పోయిందన్న మాట ఒక్కరి నోట విని నమ్మకండి. చార్జర్ మార్చి, కేబుల్ మార్చి చూడండి. చాలా మోడళ్లలో చార్జింగ్ పిన్ అసలు బోర్డు మీద ఉండదు, కింద వేరే చిన్న సీసీ బోర్డు మీద ఉంటుంది. దాని ధర తక్కువ. కనీసం రెండు చోట్ల చూపించండి. రెండో చోట మొదటివాడేం చెప్పాడో చెప్పకండి. నిజంగా అసలు బోర్డే కాలిపోయి, కంపెనీ కొత్త బోర్డు వేయాలంటే మాత్రం ఆ ఖర్చు తరచూ ఫోన్ ధరకు దగ్గరగా వెళ్తుంది. అప్పుడు మార్చేయడమే మంచిది.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఎవరి మాటా వినకుండా వెంటనే చార్జింగ్ ఆపండి. వెనక మూత లేస్తే దాన్ని వేలితో నొక్కి సరిచేయవద్దు. పొడిస్తే మండుతుంది. బ్యాటరీ ఉబ్బిందని ఫోన్ మొత్తం పారేయాల్సిన పని లేదు. మిగతాదంతా బాగుంటే బ్యాటరీ మార్పు అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం వచ్చే రిపేరు.

“ఖర్చు సగం దాటితే కొత్తదే కొనాలె”

చదువుకున్నవాళ్లు చెప్పే సలహా ఇది. ఏ ధరలో సగం? మీరు అయిదు నెలల కిందట కొన్న ధరలోనా? అదే మోడల్ ఈ రోజు షాపులో ఎంతకు దొరుకుతోంది? తగ్గి ఉంటుంది. సగం అనే గీత ఎవరు గీశారో తెలియదు గానీ, అసలు అడగాల్సినది అది అడగదు. బాగుచేశాక ఈ ఫోన్ ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది?

మా లెక్క చెప్తాను. ఇంకో షాపులో అడిగితే ఒరిజినల్ డిస్‌ప్లేకు 5,800 అన్నారు. బోర్డు బాగుంది, బ్యాటరీ కొత్తది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా మూడేళ్లు వస్తాయని కంపెనీ చెప్పిన మోడల్. రెండేళ్లే నడుస్తుందని తక్కువలో తక్కువ అనుకున్నాం. 5,800 రూపాయలను 24 నెలలకు పంచితే నెలకు 242 రూపాయలు. అలాంటిదే కొత్త ఫోన్ 18,000, నాలుగేళ్లు వస్తుందనుకుంటే నెలకు 375. బాగుచేయించడమే మేలు. అదే ఫోన్ నాలుగేళ్ల పాతదై, అప్‌డేట్లు ఆగిపోయి, బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతూ, బాగుచేస్తే ఆరు నెలలు వస్తుందనుకోండి. అప్పుడు నెలకు 967. కొత్తది కొనాలి. ధర ఒక్కటే అయినా జవాబు తిరగబడింది చూడండి.

అప్‌డేట్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఉన్న ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే తలుపుకు గడియ ఊడినట్టే. ఫోన్ సెట్టింగ్స్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తారీఖు ఉంటుంది, ముందు అది చూడండి. ఖరీదైన కొన్ని మోడళ్లకు ఇప్పుడు ఏడేళ్లు ఇస్తున్నారు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అంతకన్నా తక్కువ కాలమే.

విడిభాగాలు దొరకడం రెండోది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలి. మన దేశంలో 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కంపెనీల సర్వీస్, విడిభాగాలు, వారంటీ వివరాలు అక్కడ చూడవచ్చు. కానీ యూరప్ లాంటి గట్టి నిబంధన మనకు రాలేదు. రావాలి. కిస్తు కట్టి కొనేవాళ్లకే అది అందరికన్నా ఎక్కువ అవసరం.

“కాపీ వేయించు, చూస్తే తేడా కనవడదు”

కనబడుతుంది. అమోలెడ్ స్క్రీన్ ఉన్న ఫోన్‌కు తక్కువ ధరలో వేసే కాపీ తరచూ మామూలు ఎల్సీడీ. వేయించుకున్నాక చీకటి గదిలో పూర్తిగా నల్లటి ఫొటో ఒకటి తెరిచి చూడండి. అమోలెడ్ అయితే స్క్రీన్ గదిలో కలిసిపోతుంది. ఎల్సీడీ అయితే బూడిద వెలుగు వస్తూనే ఉంటుంది. ఎల్సీడీ వేస్తే స్క్రీన్ లోపల ఉండే వేలిముద్ర సెన్సర్ పనిచేయదు, బ్యాటరీ త్వరగా దిగుతుంది. మూడు నెలలకు టచ్ దానంతటదే ఆడటం మొదలైతే 3,200 రూపాయలు మళ్లీ పెట్టాలి. ఒరిజినల్ కావాలంటే సర్వీస్ ప్యాక్ అని అడగండి. బిల్లు మీద ఆ మాట, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి.

బొమ్మ, టచ్ రెండూ బాగుండి పైన అద్దం ఒక్కటే పగిలితే ఇంకో దారి ఉంది. మెషీన్ మీద పాత అద్దం లేపి కొత్త అద్దం అతికిస్తారు, అసలు డిస్‌ప్లే అలాగే ఉంటుంది. ఖర్చు తక్కువ. అయితే వేడి పెట్టి లేపేటప్పుడు లోపలి డిస్‌ప్లే పోయే అవకాశం ఉంది. పోతే ఎవరు భరించాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి.

“పిన్ నంబర్ చెప్పి పో అన్నా, టెస్ట్ చేయాలె”

చెప్పకండి. టచ్, కెమెరా, స్పీకర్ పరీక్ష మీరు ఎదురుగా నిలబడి చేయించవచ్చు. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి, అవి ఆన్ చేసి ఇస్తే ఫొటోలు, మెసేజీలు కనపడవు. సిమ్, మెమరీ కార్డు తీసి ఇంటికి తెచ్చుకోండి. టచ్ పోయి బొమ్మ కనిపిస్తుంటే ఓటీజీ పిన్‌తో కంప్యూటర్ మౌస్ తగిలించి మీరే బ్యాకప్ తీసుకోవచ్చు. మేము అలాగే తీసుకున్నాం. కనిపిస్తున్న పై సగంలో బాణం గుర్తు కదులుతుంటే పిల్లకు ప్రాణం లేచొచ్చింది.

“పాతది ఎక్స్ఛేంజ్ చేసి నో కాస్ట్ ఈఎంఐలో కొత్తది తీస్కో”

పగిలిన ఫోన్‌కు ఎక్స్ఛేంజ్‌లో వచ్చేది చాలా తక్కువ, దాన్ని కొత్త ఫోన్ ధరలో సర్దేస్తారు. ఇక నో కాస్ట్ సంగతి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చిచెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రాకుండా పోయిన డిస్కౌంట్‌లోనో. అదే ఫోన్ మొత్తం డబ్బు ఇచ్చి కొంటే ఎంతో ఒక్కసారి అడగండి, తెలిసిపోతుంది.

అసలు ప్రమాదం వడ్డీ కూడా కాదు. మా పిల్ల విషయంలో రెండో ఈఎంఐ పెట్టుకుంటే ఏడు నెలలపాటు నెలకు రెండు కిస్తులు, దాదాపు మూడు వేలు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివే పిల్ల ఆ మూడు వేలు ఎక్కడ తెస్తుంది? ఇంట్లో ఒకరి జీతం మీద మూడు ఫోన్ల కిస్తులు నడుస్తున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఒక ఫోన్ తీరేవరకు రెండో ఫోన్ కిస్తుకు వెళ్లకండి. తప్పనిసరైతే చేతిలో ఉన్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ కొనండి. కొనేముందు ఆ ఫోన్‌లో *#06# కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబరును సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోండి, పోయిందని ఫిర్యాదు నమోదైన ఫోన్ అయితే బయటపడుతుంది. ఐఎంఈఐ మార్చిన ఫోన్ జోలికి వెళ్లకండి. 2023 టెలికాం చట్టం కింద అది నేరం, మూడేళ్ల వరకు జైలు ఉంది. కిస్తు ఫోన్‌లో ఫైనాన్స్ వాళ్లు పెట్టిన లాక్‌ను ఫ్లాష్ కొట్టి తీసేస్తామనే షాపులకూ వెళ్లకండి. లాక్ పోయినా అప్పు పోదు, ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది.

ఫోన్ పగిలిన రోజే కొత్తది కొనాలన్న తొందర కూడా అక్కర్లేదు. ఆ సిమ్ పనిచేసే పాత కీప్యాడ్ ఫోన్ ఇంట్లో ఉంటే సిమ్ తీసి అందులో వేయండి. బ్యాంకు ఖాతాకు ఆ నంబరే ఉంటే *99# కొట్టి ఇంటర్నెట్ లేకుండానే డబ్బు పంపవచ్చు, బ్యాలెన్స్ చూడవచ్చు. వారం రోజులు అలా గడిస్తే తల చల్లబడి లెక్క సరిగా చేస్తారు.

“కంప్లైంట్ ఇచ్చి ఏం లాభం, కంపెనీలతోని మనమేం కొట్లాడుతం?”

బాగుచేసిన ఫోన్ వారానికే పోతే, వారంటీలో ఉన్నా డబ్బు అడిగితే, ఒప్పుకున్న ప్లాన్ ఇవ్వకపోతే ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువు విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. కావాల్సింది బిల్లు, జాబ్ షీటు, మెసేజీలు. జాబ్ షీటు ఇవ్వకుండా ఫోన్ తీసుకునే చోట ఫోన్ వదలవద్దు. ఫోన్ ఇచ్చేటప్పుడు దాని పరిస్థితి ఏమిటో, ఏం బాగుచేయాలో ఆ కాగితం మీద ఉండాలి.

మా మేనకోడలి ఫోన్‌కు హన్మకొండలోనే ఇంకో చోట సర్వీస్ ప్యాక్ డిస్‌ప్లే 5,800కు వేయించాం, మూడు నెలల వారంటీతో, బిల్లుతో. మిగిలిన ఏడు కిస్తులూ తారీఖు తప్పకుండా కట్టింది. ఆఖరి కిస్తు అయ్యాక ఫైనాన్స్ వాళ్ల నుంచి అప్పు తీరినట్టు ఎన్ఓసీ తీసుకుని దాచింది. ఫోన్ ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. 999 కట్టి ఉన్న ప్లాన్ వాడుకోలేక నేను పోగొట్టిన డబ్బు మాత్రం రాలేదు.

మీ ఫోన్ ఇంకా బాగానే ఉందిగా? ఈ రోజే దాని బిల్లు, అప్పు పత్రం బయటికి తీయండి. అడుగు వరకు చదవండి. ప్లాన్ ఉంటే ఎన్ని గంటల్లో చెప్పాలో చూసి, అన్నిటికీ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి. ఐఎంఈఐ, 1915 నంబరు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.